దేవమ్మ కట్టిన కట్టు

దేవమ్మ ఎవరనా? నీతో ఆ పేరు ఎవరన్నారమ్మా? బోట్ల యూనియన్ ఆదినారాయణేనా? "అన్నీ చెప్పండి సిస్టరుగారూ, ఆ దేవమ్మ వైద్యం మాత్రం చెప్పమాకండి, మా పేటకి అచ్చిరాదు" అన్నాడా. అంటాడు, ఎందుకనడు. ఆవిడ ఈ ఇసకలో తిరిగేనాటికి వాడింకా పుట్టలేదు, వాళ్ళమ్మకి పెళ్ళే కాలేదు. వాళ్ళ నాన్న అన్నాడు, వీడంటన్నాడు, రేపు వీడి కొడుకంటాడు. కూర్చో షీబమ్మా. ఆ కుర్చీలో కాదు, దానికో కాలు లేదు, ఇట్టా మంచమ్మీద కూర్చో. నీ ఫస్టెయిడు క్లాసు నాలుగింటికి గదా, తుఫాను షెల్టరు ఇక్కడికి నాలుగడుగులే. మా పేటలో బోటు ఇంజను ఆగిపోయినా "దేవమ్మ చెయ్యి పడిందిరా" అంటారు. చెరువులో రొయ్యలు తేలిపోయినా అదే మాట. మొన్న మా మనవరాలు సెల్‌ఫోను కింద పడేసి అదే అన్నది. ఎవర్ని అంటన్నావే అంటే దానికి తెలీదు. ఇంకోసారి ఆ మాట నా ముందర ఎవరన్నా అంటే పళ్ళు రాలగొడతానని చెప్పా. అరవై ఏడొచ్చాయి నాకు, ఆ మాత్రం ఓపిక ఇంకా ఉంది. నువ్వు ఇయ్యాళ అక్కడ నిలబడి "ఒంట్లో దిగిన వస్తువు పీకకండి, కదలకుండా కట్టి ఆస్పత్రికి తీసుకెళ్ళండి" అని చెప్తావు గదా. నీ కాయితంలో అట్టాగే రాసుంది, నేను చూశా. ఆ మాట చెప్పగానే మా వాళ్ళు సగం మంది దులుపుకుని లేచెళ్ళిపోతారు. పోయిన నెల రొయ్యల చెరువు కాడ ఒకడికి పొట్టలో చువ్వ దిగితే పీకేశారా లేదా? వాడింకా విజయవాడలో మంచమ్మీదే ఉన్నాడు. ఎందుకు పీకారో తెలియాలంటే నీకు దేవమ్మ సంగతి తెలియాలి.

ఉప్పెన ఏడు మీ అమ్మే చంటిపిల్లయి ఉంటది. ఉప్పెన గురించి నేను చెప్పనులే, చెప్పినోళ్ళు చాలామంది ఉన్నారు. నేను చెప్పేది నీళ్ళు తీసిన తరవాత సంగతి. పోయినోళ్ళు పోయారు, మిగిలినోళ్ళకి ఒంటినిండా గాయాలే. రేకులు కోసినవి, తుమ్మముళ్ళు దిగినవి, కూలిన ఇళ్ళ మేకులు అరికాళ్ళలో విరిగినవి. మిషనువాళ్ళు లారీల్లో వచ్చారు. బియ్యమిచ్చారు, దుప్పట్లిచ్చారు, డాక్టర్లు సూదులేశారు. ఇరవై రోజులుండి ఎవరి దోవన వాళ్ళెళ్ళారు. ఒక్కావిడ మాత్రం వారం వారం వస్తానే ఉంది. చల్లపల్లి అవతల పాలెం వాళ్ళది. డాక్టరు కాదు, నర్సూ కాదు, మిషనాస్పత్రిలో ఆయా. పదిహేనేళ్ళు నర్సుల పక్కన గిన్నె పట్టుకుని నిలబడి చూసి చూసి నేర్చుకుంది. ప్రతి మంగళవారం నాగాయలంక దాకా బస్సు, ఆడనించి నడక. చంకలో బిస్కట్ల డబ్బా. దాంట్లో ఎర్ర సబ్బు, కత్తెర, పాత నేతచీరలు ఉడకేసి, ఎండేసి, పీలికలు చించి చుట్టిన కట్లు. పొట్టి మనిషి. గొంతు మాత్రం అవతలి ఒడ్డుకి వినపడేది. మమ్మల్ని అయ్యా బాబూ అనేది కాదు. పేరు పెట్టి గారు తగిలించేది. కొండలరావుగారూ అంటే, ఇరవై రెండేళ్ళ కుర్రోణ్ణి, నాకు నవ్వొచ్చేది. "నవ్వుతారేంటి? మిమ్మల్ని నేను గారంటన్నా, నన్ను మీరూ దేవమ్మగారనండి" అనేది. మా పేటలో ఒక్కళ్ళన్నా అన్లేదమ్మా. నేనూ అన్లేదు. ఇప్పుడంటన్నా, దేవమ్మగారని.

వచ్చిన మొదట్లో మా ఆడోళ్ళతో పెద్ద యుద్ధం ఆవిడకి. మా వైద్యం ఎట్టా ఉండేదనుకున్నావు? తెగితే కాఫీ పొడి. కాలితే సిరా, లేకపోతే పేడ. కుక్క కరిస్తే సున్నం. జెల్ల చేప ముల్లు గుచ్చుకుంటే కిరసనాయిలు. ఆవిడ వచ్చి, ఏ గాయం చూసినా ముందు సబ్బు తీసేది. "ఇది గాయమా, కాఫీ హోటలా" అని మా పెద్దమ్మ చేతిమీద పొడంతా కడిగి పారేసింది ఒకసారి. మా పెద్దమ్మ శాపనార్థాలు పెడతానే ఉంది, ఆవిడ కడుగుతానే ఉంది. తెగిన వేలుని గుడ్డతో నొక్కి పట్టుకుని, చెయ్యి పైకెత్తి కూర్చోమనేది. మాటిమాటికీ గుడ్డ తీసి చూసుకున్నావో, నెత్తిన ఒక్కటి పడేది. మా పక్కింటి అంకమ్మ మీద కాలే గంజి ఒలికితే గబగబా కుండలో చన్నీళ్ళు, నువ్వు ఆ గోడమీద గడియారం చూడు, పెద్దముల్లు నాలుగంకెలు దాటేదాకా పోస్తానే ఉంది. "మంట ఒంట్లో ఇంకా ఉడుకుతా ఉంటది, దాన్ని చల్లార్చాలి, పేడతో మూత పెడితే ఎట్టా" అనేది. కుక్క కరిచినోణ్ణి చేతిపంపు కింద కూర్చోబెట్టి సబ్బేసి అంతసేపూ కడిగించి, అప్పుడు సూది మందుకి తరిమేది. పాము కరిస్తే మేం పైన తాడేసి బిగించేవాళ్ళం, కాలు నల్లబడేదాకా. ఆ తాడు పెద్దల ముందరే కత్తిరించింది, "పాము కంటే మీ తాడే ముందు చంపుతుంది" అంటా. జెల్ల ముల్లుకి వేణ్ణీళ్ళు, తట్టుకున్నంత వేడి, అందులో చెయ్యి పెట్టిస్తే ఏడుస్తా వచ్చినోడు కూడా కాసేపటికి బీడీ అడిగేవాడు. మెల్లగా జనం అలవాటు పడ్డారు. అలవాటు పడ్డారంటే, పుండు కడిగించుకోడానికే. ఆవిడకి నీళ్ళివ్వడానికి మాత్రం వేరే గ్లాసు, అదుగో ఆ చూరులో గుచ్చి ఉండేది. ఒక్కనాడు ముట్టుకోలేదు ఆ గ్లాసు. సీసాలో నీళ్ళు తెచ్చుకునేది. ఎండలో సీసా అయిపోతే పళ్ళు బిగబట్టుకుని నాగాయలంక దాకా అట్టాగే నడిచెళ్ళేది గాని, అడిగేది కాదు. మాకది పొగరనిపించేది. పొగరే. ఉండాల్సిన పొగరు.

ఇంక మా అన్నయ్య సంగతి. పిచ్చేశ్వరరావు. నాకంటే ఎనిమిదేళ్ళు పెద్ద. మా నాన్న ఉప్పెనలో పోతే ఇంటికి పెద్దదిక్కయింది వాడే. ఏరు సముద్రంలో కలిసే మొగలో వల లాగితే చూడాలి వాణ్ణి, నలుగురి పని ఒక్కడు చేసేవాడు. ఉప్పెనెళ్ళిన మూడో ఏడు, ఆ రోజు మంగళవారం, పొద్దున్నే వల లాగాం. నేనూ వాడూ ఇంకో ఇద్దరం. వలలో పెద్ద టేకు చేప పడింది, బల్లపరుపుగా, చాటంత కాదమ్మా, మంచమంత. తెలుసుగా నీకు, దాని తోకలో ముల్లుంటది, జానెడు, రెండు పక్కలా రంపప్పళ్ళు, అన్నీ వెనక్కి తిరిగుంటాయి. దిగేటప్పుడు నున్నగా దిగుతుంది, వచ్చేటప్పుడు మాంసాన్ని కోసుకుంటా వస్తుంది. ఒక్క విదిలింపు. మా వాడి తొడలో, ఇదిగో ఇక్కడ, గజ్జల కింద దిగి, తోక తెగిపోయి ముల్లు ఉండిపోయింది. రక్తం పెద్దగా రాలేదు. అదీ మమ్మల్ని మోసం చేసింది. మా పేటలో ఒక పట్టింపు ఉండేది. ముల్లు ఒంట్లో ఉన్నంతసేపూ చేప మనిషిని వదలనట్టే. తోడబుట్టినవాడు పీకి, ఆ ముల్లుని మళ్ళీ నీళ్ళలో పారెయ్యాలి. అప్పుడు చేప వదులుతుంది. పరాయివాడు పీకకూడదు. అన్నదమ్ములు లేకపోతే అప్పుడు మేనమామ. ఇదంతా ఎవరు పెట్టారో ఏమో, మా తాతల నాటినించీ ఉంది. కాబట్టి ఒడ్డుకి రాగానే అందరూ నా వంకే చూశారు. నేను తువ్వాలు చేతికి చుట్టుకుంటన్నా. అప్పుడొచ్చింది దేవమ్మగారు జనాన్ని తోసుకుంటా.

ముట్టుకోవద్దంది. అదే మొదటి మాట. మా అమ్మ గుండెలు బాదుకుంటంది, మా వదిన వీరదుర్గ కడుపుతో ఉంది, ఆరో నెల, ఇసకలో పడి దొర్లుతంది. పెద్దలేమో, నువ్వెవరివమ్మా మా ఆచారం కాదనటానికి, అని మీదమీదకొస్తన్నారు. ఆవిడ అన్నయ్య తొడ పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, ముల్లుకి ఇటో చుట్ట అటో చుట్ట గుడ్డలు పెట్టి, అది గోడలమధ్య నిలబెట్టినట్టు ఇంచు కదలకుండా చేసి, పైనించి కిందకి కట్టు కట్టింది. ముల్లు మీదుగా కట్టలేదు, చూడు, ముల్లు చుట్టూ. రెండు కాళ్ళూ కలిపి తెడ్డుకి కట్టింది. అప్పుడు లేచి నిలబడి చెప్పింది. "లోపల పెద్ద రక్తనాళం ఉంది. ఇప్పుడు దానికి బిరడా ఈ ముల్లే. పీకితే చస్తాడు. ఇట్టాగే అవనిగడ్డ చేరిస్తే డాక్టరు కోసి తీస్తాడు, బతుకుతాడు. నా మాట తప్పయి చస్తే, నన్ను ఈ ఇసకలోనే పాతిపెట్టండి." ఆడమనిషి, అందులో ఆవిడ, మా పెద్దల మొహాన అట్టా మాట్లాడటం అంతకుముందు మేం చూళ్ళేదు. పడవెక్కించాం. నేనూ ఆవిడా తెడ్డేసే ఇద్దరూ. దారి పొడుగునా వాడి మొహం మీద నీడ పడేటట్టు కొంగు పట్టుకునే ఉంది. నిద్రపోనియ్యకుండా మాట్లాడిస్తానే ఉంది. పుట్టబోయే పిల్లకి పేరేం పెడతారు పిచ్చేశ్వరరావుగారూ అంటే, ఆ నొప్పిలో కూడా వాడు ఆడపిల్లయితే తాతమ్మ అన్నాడు. మా నాయనమ్మ పేరు.

నాగాయలంక రేవులో దిగాం. తెడ్డేసిన వాళ్ళిద్దరూ ఒక వైపు, ఆవిడ ఒక వైపు బండి కోసం పరిగెత్తారు. ఆవిడ ఐసు ఫ్యాక్టరీ వైపెళ్ళింది, వ్యాను ఉంటదని. వెళ్తా వెళ్తా నా భుజం పట్టుకుని ఊపింది. "కొండలరావుగారూ, మీ అన్నని మీ చేతుల్లో పెట్టి వెళ్తన్నా. ఆయన అడిగినా సరే. ఎవరడిగినా సరే." నేను తలూపా. ఊపాను షీబమ్మా, ఇదుగో ఇట్టా. ఆవిడ వెళ్ళి ఎంతసేపో కాలేదు. మా వాడికి నొప్పి ముదిరింది. టేకు విషం నొప్పి నీకు తెలీదు, మగాణ్ణి పసిపిల్లాణ్ణి చేసేస్తది. "తమ్ముడూ, చేప నన్నింకా పట్టుకునే ఉందిరా. లోపలికి లాగుతందిరా. తియ్యరా, నువ్వే తియ్యాలిరా" అని నా చొక్కా పట్టుకున్నాడు. నాకు అమ్మ ఏడుపు చెవుల్లో ఉంది. పెద్దలు నన్ను చూసిన చూపు కళ్ళల్లో ఉంది. చేతకాని తమ్ముడు అనుకుంటారని కూడా ఉంది, అబద్ధమెందుకు. అన్నిటికంటే వాడి ఏడుపు. వాడు ఏడవగా నేనెప్పుడూ చూళ్ళేదు. కట్టు విప్పా. విప్పటం తేలిక్కాలేదమ్మా, గోళ్ళు విరిగాయి, అంత గట్టిగా కట్టిందావిడ. పీకా. పీకి ఏట్లో పారేశా. వాడు "హమ్మయ్య" అన్నాడు. ఆ ఒక్క మాటే. తరవాత రక్తం... గుక్కలు గుక్కలుగా. నేను రెండు చేతులూ అడ్డం పెడితే వేళ్ళ సందుల్లోంచి వస్తంది. తెడ్డేసినవాళ్ళింకా రాలేదు, ముందు ఆవిడే వ్యానెక్కి వచ్చింది. చూసింది. కొంగు చింపి గాయంలో కూరి, పిడికిలి పెట్టి, దాని మీద మోకాలేసి కూర్చుంది. వ్యాను కుదుపులకి తల టాపుకి కొట్టుకుంటన్నా మోకాలు తియ్యలా. అవనిగడ్డ ఇంకా నాలుగు మైళ్ళుందనగా అన్నయ్య పోయాడు. ఆవిడ మాత్రం ఆస్పత్రి గుమ్మం దాకా ఆ మోకాలు అట్టాగే ఉంచింది.

ఇప్పుడు అసలు పాపం చెప్తా విను. పీకటం కాదు నా పాపం. అది తెలివితక్కువ, వాడి మీద ప్రేమ. శవాన్ని తీసుకుని పేటకొచ్చాక, అందరూ చుట్టూ మూగి ఏమైందిరా అంటే, నేనన్నా, "కట్టు జారిపోయింది. ముల్లు దానంతటదే ఊడి పడింది" అని. అంతే. నాలుగు మాటలు. ఆ నాలుగు మాటలతో ఆవిణ్ణి చంపేశా. సమయానికి పీకనియ్యలేదు, చేప వాణ్ణి వదల్లేదు, ఆ మాయదారి మనిషి కట్టు కూడా సరిగ్గా కట్టలేదు, ఇట్టా తలా ఒక మాటా చేర్చారు. పదకొండో రోజు పెద్దదినానికి ఆవిడొచ్చింది. రాదనుకున్నారు అందరూ. ఒక్కతే, అదే డబ్బా చంకలో పెట్టుకుని, బస్సు దిగి నడిచొచ్చింది. మా వదిన పొయ్యిలోంచి బూడిద తెచ్చి ఆవిడ మొహాన కొట్టింది. మగాళ్ళు కర్రలు తీశారు. ఆవిడ కళ్ళు తుడుచుకుని అంది, "నా కట్టు జారదు." అరిచి చెప్పలా, ఏడవలా. నావంక చూసి, మళ్ళీ అంది. "నా కట్టు జారదు." మా వాళ్ళు అదీ పొగరే అనుకున్నారు. నేను విస్తళ్ళు ఎత్తుతా తలొంచుకున్నా. ఆ తరవాత కూడా మానేసిందనుకుంటన్నావా? ప్రతి మంగళవారం వచ్చింది. మా పేట రేవు మెట్ల మీద సబ్బు, బేసిను పెట్టుకుని పొద్దుటినించి మధ్యాన్నం బస్సు వేళ దాకా కూర్చునేది. ఎవరూ వచ్చేవాళ్ళు కాదు. పిల్లలు రాళ్ళేసేవాళ్ళు. ఒక రాయి తగిలి కనుబొమ్మ చిట్లితే, అక్కడే అందరి ముందరా సబ్బుతో కడుక్కుని, తన కట్టు తనే కట్టుకుని, మళ్ళీ కూర్చుంది. ఏడాది పాటు, షీబమ్మా. ఏడాది తరవాత మిషనువాళ్ళే ఇంకో ఊరు పంపించారు. నేను ఆ ఏడాదంతా రేవు మెట్లెక్కకుండా బురదలోంచి దిగి వెళ్ళేవాణ్ణి పడవ దగ్గరికి.

మా వదినకి ఆడపిల్లే పుట్టింది. తాతమ్మ. నేనే సాకాను రెండిళ్ళనీ. మంచోడు కొండలరావు, అన్న పిల్లని కన్నబిడ్డలా చూసుకున్నాడు అన్నారు. అట్టా పదిహేనేళ్ళు గడిచాయి. అప్పుడు పోలమ్మ కొడుకు నాని, పద్దెనిమిదేళ్ళు, బోటు మీంచి జారి వెదురు గెడ మీద పడితే డొక్కలో దిగింది. నేను అక్కడే ఉన్నా. నోటిదాకా వచ్చింది, పీకొద్దురా అని. ఆదినారాయణ వాళ్ళ నాన్న, "దేవమ్మ మాట విని పిచ్చేశ్వరరావుని చంపుకున్నాం, చాలదా" అన్నాడు. నేను నోరు మూసుకున్నా. పీకారు. పోయాడు. ఆ వారం చల్లపల్లి వెళ్ళా, వెతుక్కుంటా. అప్పటికి జుట్టు నెరిసింది ఆవిడకి, కూరగాయలు తరుగుతంది. చూడగానే, "రండి కొండలరావుగారూ" అంది. కాళ్ళమీద పడబోతే కాళ్ళు లాక్కుంది. ఎందుకు చెప్పలేదండీ ఆ రోజు అని అడిగా. "చెబితే మీవాళ్ళు మిమ్మల్ని బతకనిచ్చేవాళ్ళా? రెండిళ్ళకి మిగిలిన మగాడివి నువ్వొక్కడివే. ఆ అమ్మాయి కడుపుతో ఉంది. నా పేరుదేముంది, నా పేరుతో ఎవరికీ అన్నం పెట్టనక్కర్లేదు" అంది. మొదటిసారి నువ్వంది నన్ను. నాని సంగతి చెప్పా. కత్తి కింద పెట్టేసింది. తరవాత అంది, "నేను ఊరుకోవటం తప్పయిపోయింది. నీ అబద్ధం ఉన్నంతకాలం మీ పేటలో పీకుతానే ఉంటారు. నా కోసం కాదు, ముల్లు దిగబోయే ఆ తరవాతోడి కోసం చెప్పు. వెళ్ళి చెప్పు." చెప్తానన్నా. గుమ్మం దాకా వచ్చి నీళ్ళిచ్చింది, వాళ్ళు తాగే గ్లాసులోనే. తాగా. ఇంటికొచ్చా. చెప్పలా. తాతమ్మ పెళ్ళయ్యాక చెప్దామనుకున్నా. దాని పిల్లల పెళ్ళిళ్ళయ్యాక అనుకున్నా. ఆవిడ పోయి పన్నెండేళ్ళవుతంది. ఆవిణ్ణి పూడ్చిన రోజు సమాధుల దొడ్లో పాస్టరుగారు ఎవరన్నా మాట్లాడతారా అంటే, లేచి నిలబడి, దగ్గొచ్చినట్టు దగ్గి, కూర్చున్నా.

కాబట్టి ఇయ్యాళ నీ క్లాసులో ముందు మైకు నాకివ్వు. ఆదినారాయణ వద్దంటే వాడితో నేను మాట్లాడతా. యూనియన్ పెద్దయితే నాకేంటి. వెలేస్తే వెయ్యమను, ఈ వయసులో నన్ను ఎక్కడికని వెలేస్తారు, వెనకాల సముద్రమేగా. మంచోడు కొండలరావు అన్న పేరు పోతదా, పోనియ్యి, అది నాది కాదు, నలభై నాలుగేళ్ళు ఆవిడది ఎత్తుకొచ్చి తొడుక్కున్నా. నేను చెప్పాక, అప్పుడు నువ్వు చెప్పు నీ కాయితంలో ఉన్నవన్నీ. అప్పుడు ఒక్కడన్నా లేచెళ్తాడేమో చూద్దాం. అదుగో, మా వదిన. క్లాసుకే బయల్దేరినట్టుంది, నువ్వు ఇంటింటికీ వెళ్ళి పిలిచావు గదా. వదినా. ఇటు రా. షెల్టరుకి తరవాత వెళ్దువుగాని, ఇటొచ్చి కూర్చో. సిస్టరమ్మ మనదే, ఏమీ అనుకోదు. లేదులే, టీ తాగాం. కూర్చోమంటన్నా గదా. మైకులో ఊరందరికీ చెప్పేది ముందు నీకు చెప్పాలి. దేవమ్మగారి గురించి. ఆ పేరెత్తితే ఉమ్మేస్తావని తెలుసు, ఇది విన్నాక ఎవరి మీద ఉమ్మేస్తావో నీ ఇష్టం. ఆవిడ కట్టు జారలేదు వదినా. నాగాయలంక రేవులో, ఆవిడ బండి కోసం వెళ్ళినప్పుడు, అన్నయ్య తొడలోంచి ముల్లు పీకింది నేను. కట్టు విప్పి పీకా. ఈ చేతుల్తో. చేప కాదు, ఆవిడ కాదు. నేను.

నువ్వు పద షీబమ్మా. జనం వచ్చేసుంటారు. నేనొస్తన్నా.